చలికి పగిలిన పడవ ఇంజిన్: కేసు ఎవరి మీద?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో, సౌతాంప్టన్‌లో ఉంటాం. నిరుడు అక్టోబరులో ఒకాయన దగ్గర పాత తెరచాప పడవ కొన్నాం. అప్పుడు నీళ్లలో నడిపి చూస్తే ఇంజిన్ బాగానే ఉంది. చలికాలానికి బోట్‌యార్డులో ఒడ్డుకెక్కించి, ఇంజిన్‌ని కూడా చలికి సిద్ధం చేయమని ఫోన్లో చెప్పాను. బిల్లులో మాత్రం 'లిఫ్టింగ్, స్టోరేజ్' అనే ఉంది. ఏప్రిల్‌లో పిల్లాడితో సహా ఫ్రాన్స్‌లోని షేర్‌బూర్‌కి తొలి ప్రయాణం కట్టాం. ఐల్ ఆఫ్ వైట్ దీవి పడమటి కొసన ఉన్న నీడిల్స్ రాళ్లు దాటాక ఇంజిన్ వేడెక్కింది. అలారం మోగినా కాసేపు నడిపాం, చివరికి ఆగిపోయింది. ఇంకో పడవ లాక్కొచ్చింది. చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి ఇంజిన్ బ్లాక్ (దాని ప్రధాన లోహపు భాగం) పగిలిందట. నా భార్య ఇక పడవ ఎక్కనంటోంది. ఇన్సూరెన్స్ వాళ్లు కాదన్నారు. తుఫానులో పాడైందని రాసిస్తానంటున్నాడు మెకానిక్. అమ్మినాయన మీద కేసు వేయొచ్చా?

జవాబు: అమ్మినాయన్ని వదిలేయండి. అక్టోబరులో ఇంజిన్ నడిచిందని మీరే రాశారు, పగులు వచ్చింది ఆ తర్వాతి చలికి. పడవ మీ చేతికి వచ్చాక దాని మంచిచెడ్డలు మీవే. మీ కేసు తేలేది ఒక్క ప్రశ్న మీద: ఇంజిన్‌లో నీళ్లు తీసేసి యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పోసే పని యార్డు ఒప్పుకుందా లేదా?

ఒప్పుకుని చేయకపోతే 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం కింద యార్డుదే బాధ్యత. పనిలో తగిన జాగ్రత్త చూపాలన్నది అందులో 49వ సెక్షన్. మీరు నమ్మి పని అప్పగించేలా యార్డు నోటితో చెప్పిన మాట కూడా ఒప్పందంలో భాగమే అంటుంది 50వ సెక్షన్. వాళ్ల షరతుల్లో 'మా బాధ్యత లేదు' అని ఉన్నా ఆ జాగ్రత్త నుంచి తప్పించుకోలేరు. ఒప్పుకోకపోతే మాత్రం ఆ నీళ్లు తీయాల్సింది మీరే, ఇక కేసు లేదు.

మరి నిరూపించేదెలా? వేలకు వేలు పౌండ్లు పోసి పడవ కొన్నవారు, 'నిన్న ఫోన్లో మాట్లాడినట్టు ఇంజిన్ పని కూడా చేయండి' అని ఒక్క మెసేజ్ పెట్టలేకపోయారా? ఇప్పుడైనా ఆ వారం కాల్ రికార్డు, మెయిళ్లు, వాట్సాప్ అన్నీ వెతకండి. స్టోరేజ్ ప్యాకేజీలో ఏమేం వస్తాయో యార్డు వెబ్‌సైట్‌లో రాసుంటే ఈరోజే స్క్రీన్‌షాట్ తీయండి, రేపు ఆ పేజీ ఉంటుందో లేదో చెప్పలేం.

ఇంజిన్‌ని విప్పి తుక్కుకి వేయొద్దు. ఆ పగులే మీ ప్రధాన సాక్షి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, అందుకే పగులు ఉన్న చోటు, లోహం ఉబ్బిన తీరు చూసి సర్వేయర్ (పడవల్ని పరీక్షించి నివేదిక ఇచ్చే నిపుణుడు) కారణం చెప్పగలడు. ముందు యార్డుకి రాతపూర్వకంగా తెలిపి వాళ్లనూ చూసుకోనివ్వండి. అలారం మోగాక నడపడం మీ తప్పు, యార్డు దాన్నే పట్టుకుంటుంది. అందుకే చలికి జరిగిన నష్టమెంత, వేడికి జరిగిందెంత అని సర్వేయర్ విడివిడిగా రాయాలి. ఒడ్డు దగ్గర ఒక పూట తిప్పి చూడకుండా పిల్లాడితో ఇంగ్లిష్ ఛానెల్ సముద్రం దాటబోవడం మాత్రం నేను ఒప్పుకోలేను.

ఆ తుఫాను కాగితం ముట్టుకోవద్దు. 2015 ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం అబద్ధపు క్లెయిమ్ పెడితే కంపెనీ ఆ డబ్బు ఎగ్గొట్టడమే కాదు, పాలసీనే ముగిసినట్టు చూడొచ్చు. పైగా 2006 ఫ్రాడ్ చట్టం కింద పదేళ్ల దాకా శిక్ష పడొచ్చు. మెకానిక్‌కి పోయేదేముంది, సంతకం పెట్టి క్లెయిమ్ పంపేది మీరు. కంపెనీ చివరి జవాబు న్యాయంగా లేదనిపిస్తే, అది అందిన 6 నెలల్లోపు ఇన్సూరెన్స్ తగాదాలు తీర్చే ఫైనాన్షియల్ ఆంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయండి. కానీ చలి నష్టం గురించి పాలసీలో ఏముందో ముందు అక్షరం అక్షరం చదవండి.

యార్డు మీద దావాకి ఒప్పందం ఉల్లంఘించిన రోజు నుంచి 6 ఏళ్లు గడువుంది. అయినా ఆగొద్దు, అక్కడి పనివాళ్లు మారిపోతారు, మాటలు మర్చిపోతారు. సర్వేయర్ నివేదిక, రిపేరు అంచనా జతచేసి, 14 రోజుల్లో జవాబివ్వమంటూ దావాకి ముందు ఉత్తరం పంపండి. మొత్తం 10,000 పౌండ్లలోపైతే కోర్టులో చిన్న మొత్తాల దావాలు చూసే స్మాల్ క్లెయిమ్స్‌లో లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. అంతకు మించితే ఉత్తరం పంపేముందే అక్కడి సొలిసిటర్‌కి (లాయర్‌కి) ఈ కాగితాలన్నీ చూపించండి.