శరణార్థుల క్యాంపులో ఉద్యోగం చేస్తానంటోంది మా పాప, పంపమంటారా?

పాకాల నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరంలో ముఖ్యమైన మాటలు ఇవి: "సార్, మా పాప తిరుపతిలో బీకాం చివరి సంవత్సరం. మామిడి సీజన్లో దామలచెరువులో మా ఆయన మండీ లెక్కలన్నీ తనే చూస్తుంది. సూడాన్‌లో కాల్పులు తట్టుకోలేక జనం పక్క దేశానికి నడిచిపోతా ఉండే వీడియోలు చూసినప్పటి నుంచి, అట్లాంటివాళ్ళకు సాయం చేసే ఉద్యోగమే చేస్తానని పట్టు పట్టింది. మేము బ్యాంకు పరీక్షలు రాయమంటున్నాం. సంబంధాలు కూడా వస్తా ఉన్నాయి. చెన్నైలో ఎవరో లక్షా ఎనభై వేలు కడితే ఐక్యరాజ్యసమితిలో పోస్టు ఇప్పిస్తామన్నారంట. అసలు సేవ అనేది ఉద్యోగమవుతుందా సార్? ఆడపిల్లను అంత దూరం పంపొచ్చునా?"

అమ్మా,

ముందు ఆ లక్షా ఎనభై వేల సంగతి. కట్టకండి. ఐక్యరాజ్యసమితి సంస్థలేవీ దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ ఒక్క రూపాయి కూడా తీసుకోవు. తీసుకుంటామన్నవాడు మోసగాడే. ఇప్పటికే ఆన్‌లైన్‌లో అడ్వాన్సు ఏమైనా పంపి ఉంటే, మెసేజీలు చెరిపేయకుండా ఈ రోజే సైబర్ మోసాల ఫిర్యాదులు తీసుకునే 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

ఇక సేవ ఉద్యోగమవుతుందా అన్నారు. దానికి జవాబుగా నాకు జరిగింది ఒకటి చెప్తాను. 2021 నవంబరులో స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు, గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మేము నలుగురు మిత్రులం పులిహోర పొట్లాలు ట్రాలీ ఆటోలో వేసుకుని, తిరుపతి శివారులో నీళ్ళు నిలిచిపోయిన ఒక కాలనీకి వెళ్ళాం. వీధి మొదట్లో బండి ఆపగానే జనం చుట్టుకున్నారు. పావుగంటలో పొట్లాలన్నీ అయిపోయాయి. మాకేమో కడుపు నిండినంత తృప్తి. వెనక్కి తిరిగేటప్పుడు ఒక పెద్దాయన ఆటో పట్టుకుని ఆపాడు. "నాయనా, పొద్దుటి నుంచి ఇది నాలుగో బండి. నాలుగూ అన్నమే తెచ్చినాయి. తాగే నీళ్ళు ఒక్కరూ తేలేదు. ఆ చివరింట్లో బాలింత ఉంది, మోకాటి లోతు నీళ్ళలో బిడ్డనెత్తుకుని ఆ తల్లి ఈడికి ఎట్లా వస్తాది?" అన్నాడు. మేము ఆ చివరిదాకా పోనే లేదు. ఆ ఇల్లు ఉందని కూడా మాకు తెలియదు.

నాలుగు బండ్లవాళ్ళకూ మంచి మనసుంది. నీళ్ళు ఎవరు తేవాలి, అన్నం ఎవరు తేవాలి, చివరింటికి ఎవరు వెళ్ళాలి అని ముందుగా కూర్చోబెట్టి పంచి ఇచ్చే మనిషి మాత్రం లేడు. మీ పాప చేస్తానంటున్నది ఆ మనిషి పని. దానికి చదువుంది, జీతముంది, మెట్లు మెట్లుగా పైకి వెళ్ళే దారి కూడా ఉంది. ఆంగ్లంలో కోఆర్డినేషన్ అంటారు, మనం సమన్వయం అనుకుందాం.

ఒక్క కాలనీకే అంత గందరగోళమైతే, లక్షల మంది ఒకేసారి సరిహద్దు దాటినప్పుడు ఎట్లా ఉంటుందో చూడండి. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రం నుంచి 7 లక్షలకు పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌లోని కాక్స్‌బజార్ జిల్లాకు చేరారు. మట్టి గుట్టల మీద వెదురు బొంగులు, టార్పాలిన్లతో గుడిసెలు వెలిశాయి. మీ పాప చూసిన సూడాన్ యుద్ధం 2023 ఏప్రిల్ 15న మొదలైంది. అక్కడి నుంచి పారిపోయినవాళ్ళలో చాలామంది చాద్ దేశంలో అద్రే అనే చిన్న ఊరికి చేరారు. ఊళ్ళో అంతకుముందున్న జనం కంటే వచ్చినవాళ్ళే ఎన్నో రెట్లు. ఇటువంటి చోట డజన్ల కొద్దీ సంస్థలు దిగుతాయి. ఆ దేశ ప్రభుత్వంతో కలిసి ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, అంటే యూఎన్‌హెచ్‌సీఆర్, వాళ్ళందరినీ ఒక తాటి మీదికి తెస్తుంది. తిండి ఒక జట్టు, నీళ్ళు మరుగుదొడ్లు ఒక జట్టు, గుడిసెలు, వైద్యం, పిల్లల రక్షణ ఒక్కొక్క జట్టు. ప్రతి జట్టూ ఎవరు, ఏమి, ఎక్కడ, ఎప్పుడు చేస్తున్నారో ఒక పెద్ద ఎక్సెల్ పట్టికలో నింపుతుంది. ఆ పట్టికలో ఖాళీగా ఉన్న గడే ఆ చివరింటి బాలింత. ఖాళీ గడులు వెతికి, సమావేశంలో లేచి "ఇక్కడికి ఎవరు వెళ్తారు?" అని అడిగేవాళ్ళకే ఈ రంగంలో విలువ.

ఇందులో లెక్క ఎంత ఉంటుందో మీ ఆయనకు కూడా చూపించండి. స్ఫియర్ అని ఒక పుస్తకం ఉంది, సాయం చేసే సంస్థలు చాలావరకు దాన్ని చేతిలో పెట్టుకుని పని చేస్తాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ళు, 250 మందికి ఒక కుళాయి, 20 మందికి ఒక మరుగుదొడ్డి అని అందులో రాసి ఉంటుంది. ఒక సాయంత్రం 10,000 మంది సరిహద్దు దాటి వచ్చారనుకోండి. రోజుకు లక్షా యాభై వేల లీటర్లు కావాలి. 5,000 లీటర్ల ట్యాంకరైతే 30 ట్రిప్పులు. కుళాయిలు 40, మరుగుదొడ్లు 500. ఆ మరుగుదొడ్లకు లోపలి నుంచి గొళ్ళెం ఉండాలి, దారిలో లైటు ఉండాలి. లేకపోతే చీకటి పడ్డాక ఆడవాళ్ళు బయటికి రావడానికి భయపడతారు, సాయంత్రం నుంచే నీళ్ళు తాగడం మానేస్తారు, జబ్బు పడతారు. లెక్క సరిగ్గా వేసి గొళ్ళెం మరిచిపోతే ఆ 500 మరుగుదొడ్లు కట్టీ ప్రయోజనం లేదు. అందుకే ఈ పనిలో ఆడవాళ్ళు చాలా అవసరం. ఎదుట కూర్చున్న స్త్రీ మగ అధికారికి చెప్పలేని మాటలు ఎన్నో ఉంటాయి.

అమ్మా, మీరు ఉత్తరంలో మండీ సంగతి ఏదో మాటవరసకు రాశారు, నాకు మాత్రం అదే పెద్ద అర్హతగా కనబడింది. ఏ రైతువి ఎన్ని క్రేట్లు దిగాయి, కాటాలో తేడా ఎక్కడొచ్చింది, తోతాపురి లోడు ఏ ఫ్యాక్టరీకి ఏ లారీలో పోయింది, సరుకు వెంట పోయే వే బిల్లు కాగితం ఎవరి దగ్గరుంది, ముందు దిగిన సరుకు మగ్గిపోకముందే పంపారా లేదా, ఇవన్నీ మండీ లెక్కలో చూసుకోవాల్సినవే. క్యాంపు గోడౌన్‌లో జరిగేదీ ఇదే. అక్కడ కాయల బదులు దుప్పట్లు, బియ్యం, మందులు ఉంటాయి. గడువు దగ్గరపడిన మందులు ముందు పోవాలి. అక్కడా వే బిల్లే అంటారు. జూన్ ఎండలో, వరసగా ఆగిన ట్రాక్టర్ల మధ్య, ఓపిక నశించిన రైతులకు సర్దిచెబుతూ లెక్క రాసిన పిల్లకు ఉన్న అనుభవం పెద్ద కాలేజీల్లో చదివినవాళ్ళకు కూడా దొరకదు. దరఖాస్తులో దాన్ని దాచుకోవద్దని చెప్పండి. ఎన్ని టన్నులు, ఎన్ని లారీలు, ఎంతమంది రైతులు, అన్నీ అంకెలతో రాయమనండి.

ఇప్పుడు దారి. డిగ్రీ అవగానే విదేశాల్లో ఎంఏకు అప్పు చేయడం నాకు ఇష్టం లేదు, చెయ్యొద్దనే చెప్తాను. ముందు రెండేళ్ళు పని చేయనివ్వండి. శ్రీసిటీలో ఏదైనా కంపెనీలో గోడౌన్, కొనుగోళ్ళ విభాగంలో చేరినా మంచిదే, తిరుపతిలో ఎన్నో ఏళ్ళుగా పల్లెల్లో పనిచేస్తున్న రాష్ట్రీయ సేవా సమితి వంటి సంస్థలో చేరినా మంచిదే. మొదటిదాంట్లో జీతం కాస్త మేలు, రెండోదాంట్లో మనుషులతో పని తెలుస్తుంది. తర్వాత పీజీ. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో విపత్తుల నిర్వహణకే ప్రత్యేకంగా ఒక స్కూలు ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటి దగ్గరే ఉండాలంటే ఎస్వీ యూనివర్సిటీలో సోషల్ వర్క్ ఉంది. ఈలోపు కాయా, డిజాస్టర్ రెడీ అనే వెబ్‌సైట్లలో ఈ రంగం కోర్సులు ఉచితంగా చదువుకోవచ్చు. స్ఫియర్ పుస్తకం కూడా ఇంటర్నెట్‌లో ఉచితమే. తర్వాత యూఎన్ వాలంటీర్ల కార్యక్రమానికి దరఖాస్తు పెట్టవచ్చు. పేరు వాలంటీరే గానీ నెలకు జీవన భత్యం ఇస్తారు, మన దేశంలోపల పోస్టులు కూడా ఉంటాయి. చాద్ లాంటి దేశాల్లో పనిచేయాలని గట్టిగా ఉంటే ఫ్రెంచి ఇప్పుడే మొదలుపెట్టాలి.

ఆఫ్రికా దాకా పోనక్కరలేదు కూడా. మీ పుట్టిల్లు నగరి అన్నారు, పాప అమ్మమ్మతో తమిళం గడగడా మాట్లాడుతుందన్నారు. సూళ్ళూరుపేట నుంచి చెన్నై లోకల్ ఎక్కితే దారిలో గుమ్మిడిపూండి వస్తుంది. 1983 తర్వాత శ్రీలంకలో హింస తట్టుకోలేక సముద్రం దాటి వచ్చిన తమిళుల క్యాంపు అక్కడ ఉంది. ఆ వచ్చినవాళ్ళే 1984లో ఓఫెర్ అనే సంస్థను చెన్నైలో పెట్టుకున్నారు. క్యాంపుల్లో పిల్లల చదువు, పోషణ, ఆడవాళ్ళ సంఘాలు చూస్తుంది. క్యాంపులోకి ఊరికే వెళ్ళిపోవడం కుదరదు, అనుమతి కావాలి. కానీ అటువంటి సంస్థకు మీ పాప ఒక ఉత్తరం రాయడంలో తప్పేమీ లేదు. నలభై ఏళ్ళు దాటినా క్యాంపులోనే పుట్టి క్యాంపులోనే పెళ్ళి చేసుకుని బతుకుతున్నవాళ్ళతో ఒక్కరోజు మాట్లాడితే, శరణార్థి అంటే వీడియోలో నడిచే గుంపు కాదని తనకు అర్థమవుతుంది. 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. అయినా 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన దాదాపు కోటి మందికి మనవాళ్ళే చోటిచ్చి అన్నం పెట్టారు. ఈ రెండూ కలిపి చదవమనండి, ఇంటర్వ్యూల్లో ఇటువంటివి అడిగే అవకాశం ఉంది.

ఒక జాగ్రత్త పాపకు నేరుగా చెప్తున్నాను. క్యాంపులో పిల్లల ఫొటోలు తీసి స్టేటస్ పెట్టకూడదు. పేర్ల జాబితా ఫోన్‌లో ఫొటో తీసి ఎవరికీ పంపకూడదు. ఎవరి నుంచి ప్రాణం దక్కించుకుని వచ్చారో, ఆ జాబితా వాళ్ళ చేతిలో పడితే ఊళ్ళో మిగిలిన బంధువుల ప్రాణం పోతుంది. ఎంత మంచి ఉద్దేశంతో చేసినా సరే.

ప్రమాదం గురించి మీకు అబద్ధం చెప్పను. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐక్యరాజ్యసమితి కార్యాలయం మీద బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. ఆ తేదీనే ప్రపంచ మానవతా దినంగా జరుపుతున్నారు. అయితే కొత్తగా చేరినవాళ్ళను తీసుకెళ్ళి కాల్పుల మధ్య నిలబెట్టరు. ఎక్కువ ఉద్యోగాలు సరిహద్దుకు ఇవతల, గోడౌన్లలో, రిజిస్ట్రేషన్ కౌంటర్లలో, ఆఫీసుల్లో ఉంటాయి. నాకు అంతకంటే టెన్షన్ డబ్బు విషయంలోనే. 2025లో అమెరికా విదేశీ సాయం బాగా కోసేయడంతో ఈ రంగంలో వేల ఉద్యోగాలు పోయాయి, యూఎన్‌హెచ్‌సీఆర్ కూడా సిబ్బందిని తగ్గించుకుంది. కాంట్రాక్టులు ఏడాదికో రెండేళ్ళకో ముగుస్తాయి. అందుకే గోడౌన్, కొనుగోళ్ళు, లెక్కలు అనే నైపుణ్యం చేతిలో పెట్టుకుని వెళ్ళమంటున్నాను. నిధులు ఆగిన ఏడాది తిరిగొచ్చినా, ఏ కంపెనీలోనైనా ఉద్యోగం దొరుకుతుంది. బ్యాంకు పరీక్షకు ఈ ఏడాది కూర్చోవడానికి పాప ఒప్పుకుంటే రాయనివ్వండి, అందులో చదివే అంకగణితం ఎక్కడికీ పోదు. కానీ ఉద్యోగం వచ్చాక ఈ కోరిక మర్చిపోతుందిలే అనే ఆశతో మాత్రం రాయించకండి. తను పసిగడుతుంది.

సంబంధాల విషయం మీ ఇంటి విషయం. ఒక్కటే అడుగుతాను, చూడడానికి వచ్చినవాళ్ళతో పాప ఉద్యోగం సంగతి మొదటి రోజే చెప్పండి. ఏడాదికి కొన్ని నెలలు వేరే ఊళ్ళో ఉండే పని అని చెప్పి, ఒప్పుకున్న ఇంటితోనే ముందుకు వెళ్ళండి.

పాస్‌పోర్టు ఇంకా తీయలేదన్నారు. పంపాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మీకు రెండేళ్ళ టైముంది, పాస్‌పోర్టుకు అంతవరకు ఆగనక్కరలేదు. తిరుపతిలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది. పుట్టినతేదీ సర్టిఫికెట్‌లో, టెన్త్ మార్కుల లిస్టులో, ఆధార్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో సరిచూసుకుని, మామిడి సీజన్ మొదలుకాకముందే స్లాట్ బుక్ చేయించండి.