కిటాయెవ్ చైన్‌లో జీరో మోడ్ రావట్లేదన్నదానికి సమాధానం

కిటాయెవ్ చైన్ (ఒకే వరుస సైట్లున్న సూపర్‌కండక్టర్ మోడల్) కోడ్‌లో జీరో మోడ్, అంటే చైన్ చివర్లలో ఉండే సున్నా ఎనర్జీ స్థితి, రావట్లేదని అడిగారు కదా. తప్పు మ్యాట్రిక్స్‌లోని పెయిరింగ్ బ్లాక్‌లోనే (కణాలు జతకట్టడాన్ని చూపే భాగం) ఉండుంటుంది. 40 సైట్లు, మ్యూ (కెమికల్ పొటెన్షియల్) 0.5టీ (టీ అంటే పక్క సైట్‌కి దూకే హాపింగ్), డెల్టా (పెయిరింగ్ బలం) టీకి సమానం, ఓపెన్ చైన్ (చివర్లు కలపనిది) అన్నారు, వీటికి జీరో రావాల్సిందే, కానీ అతి తక్కువ ఎనర్జీ 0.35టీ దగ్గర ఆగిందంటే ఆ బ్లాక్‌లో డయాగనల్‌కి పైనా కిందా రెండు చోట్లా ప్లస్ డెల్టానే పెట్టేసుంటారు.

1. కింద మైనస్ డెల్టా పెట్టండి. ఫెర్మియాన్లు (ఎలక్ట్రాన్ల లాంటి కణాలు) కదా, ఆ బ్లాక్ యాంటీసిమెట్రిక్‌గా (డయాగనల్‌కి అటూ ఇటూ గుర్తు మారేలా) ఉండి తీరాలి.

2. అందరూ వదిలేసేది ఇదే. ఎనర్జీలు ప్లస్ మైనస్ జతలుగా వస్తున్నాయి కదా, పార్టికల్-హోల్ సిమెట్రీ (కణాన్నీ దాని ఖాళీనీ మార్చితే హెచ్ గుర్తు మారడం) ఉన్నట్టే అనుకోవద్దు, తప్పు మ్యాట్రిక్స్‌కీ అలాగే వస్తాయి. హెచ్‌కి (మీ హామిల్టోనియన్ మ్యాట్రిక్స్‌కి) కాంప్లెక్స్ కాంజుగేట్ తీసి, రెండు పక్కలా టౌ ఎక్స్‌తో (పార్టికల్, హోల్ భాగాలను తారుమారు చేసే మ్యాట్రిక్స్) గుణిస్తే మైనస్ హెచ్ వస్తోందో లేదో కోడ్‌లోనే చెక్ పెట్టండి.

3. మళ్లీ డయాగనలైజ్ చేయండి, మధ్యలో రెండు ఎనర్జీలు సున్నాకి దిగుతాయి. సోమవారం వైజాగ్‌లో రివ్యూ అన్నారుగా, చైన్ రెండు చివర్లలో వేవ్‌ఫంక్షన్ ప్లాట్ కూడా పట్టుకెళ్లండి.