సంతోష్ ట్రోఫీ "మనం" ఎప్పుడైనా గెలిచామా?

ఫుట్‌బాల్‌లో సంతోష్ ట్రోఫీ ఎప్పుడు మొదలైంది, ఆ పేరెలా వచ్చింది, మన ఆంధ్ర ఎప్పుడైనా గెలిచిందా అని అడిగారు. చివరిదానికి ముందు చెప్తాను: గెలిచింది, ఒక్కసారి, 1965-66లో. కాకపోతే ఆ "మన" దగ్గర చిన్న మెలిక ఉంది.

నేను విశాఖలో రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను. చిన్నప్పుడు ఈ సంతోష్ ఎవరో పెద్ద గోల్‌కీపర్ అయ్యుంటాడని అనుకునేవాణ్ణి. తీరా చూస్తే అది మనిషి పేరే కాదు, ఊరి పేరు. ఇప్పటి బంగ్లాదేశ్‌లో టాంగైల్ దగ్గర సంతోష్ అనే జమీందారీ ఉండేది. అక్కడి రాజా సర్ మన్మథనాథ్ రాయ్ చౌధురి కలకత్తాలో ఇండియన్ ఫుట్‌బాల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడిగా చేశారు. పేరు చూసి దేశం మొత్తానిది అనుకునేరు, అది బెంగాల్ సంఘం. ఆయన 1939లో పోయాక ఆ సంఘమే ఆయన జ్ఞాపకార్థం కప్పు ఇచ్చింది. 1941లో పోటీ మొదలైంది. తొలి ఫైనల్లో బెంగాల్ 5-1తో ఢిల్లీని ఓడించింది. రన్నరప్‌కు ఇచ్చేది కమలా గుప్తా ట్రోఫీ. మూడో స్థానానికి సంపంగి కప్పు. పూల పేరులా ఉంది గానీ, సంపంగి అంటే పాత మైసూరు ఆటగాడు.

డ్యూరాండ్ కప్పు దీనికన్నా చాలా పాతది, 1888లో సిమ్లాలో మొదలైంది. కానీ అందులో ఆడేది క్లబ్బులూ సైనిక జట్లూ. సంతోష్ ట్రోఫీ రాష్ట్రాల మధ్య పోటీ. రాష్ట్రాలతో పాటు రైల్వేస్, సర్వీసెస్ (సైనిక దళాలది) జట్లు కూడా ఉంటాయి. రైల్వేస్ 1960లలోనే మూడుసార్లు గెలిచింది. ఓ పక్క రైల్వే డివిజన్, ఇంకో పక్క నేవీ ఉన్న మా ఊళ్లో ఈ సంగతి పిల్లలకు కూడా తెలుసు. ఆట బాగా వస్తే రాష్ట్రం జట్టే దిక్కు కాదు, ఉద్యోగం ఇచ్చినవాళ్ల జట్టు కూడా ఉంటుందని.

అసలు మా ఇళ్లలో ఈ కప్పు విలువంతా ఆ ఉద్యోగంలోనే ఉండేది. 1990లలో నేను జిల్లాకు రైట్ బ్యాక్‌గా, అంటే కుడి పక్క డిఫెండర్‌గా ఆడాను. మా మావయ్యకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఈనాటికీ తెలియదు. "ఏట్రా, సంతోష్ ట్రోఫీ ఆడితే సర్టిఫికెట్ ఇస్తారట కదా, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వచ్చేసినట్టే" అనేవాడు. ఆ సర్టిఫికెట్ కోసమే గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కించి హైదరాబాద్‌లో ట్రయల్స్‌కు తీసుకెళ్లాడు. రాత్రంతా టెన్షన్‌తో నిద్రలేదు. మర్నాడు గ్రౌండ్‌లో నాకు దొరికింది ఇరవై నిమిషాలు. సాయంత్రం చదివిన జాబితాలో నా పేరు లేదు. అది ముందే టైపు చేసి పెట్టుకున్న జాబితా అని మావయ్య ఇప్పటికీ తిడతాడు. అయ్యుండొచ్చు. కానీ ఆ ఇరవై నిమిషాల్లో ఒక లెఫ్ట్ వింగర్ కుర్రాడు నన్ను మూడుసార్లు దాటుకుని వెళ్లిపోయాడు. అప్పుడు మావయ్య టీ తాగడానికి వెళ్లాడు కాబట్టి చూడలేదు.

ఇంతకీ ఆ మెలిక. ఆ రోజు గ్రౌండ్ గట్టు మీద కూర్చున్న ఒక పెద్దాయన, పోలీసు జట్టుకు ఆడి రిటైరైన మనిషి, నన్ను ఓదార్చడానికి పాత కథలు మొదలుపెట్టాడు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు నేను మొదట విన్నది అక్కడే. రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు ఎత్తుకొచ్చింది. సంతోష్ ట్రోఫీని 1956-57లోనూ, మళ్లీ 1957-58లోనూ గెలిచింది హైదరాబాద్. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆడింది ఆ రోజుల్లోనే. 1956 నవంబరులోనే ఆంధ్రప్రదేశ్ ఏర్పడినా, రికార్డుల్లో ఆ రెండు కప్పులూ హైదరాబాద్ పేరుతోనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పేరుతో వచ్చింది 1965-66 కప్పు ఒక్కటే. దాన్ని రహీం చూడలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం తెచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశారు.

కాబట్టి ఆ కప్పు మనదేనా అంటే, కాగితం మీద మనదే. దాని వెనకున్న ఆట మాత్రం మూసీ ఒడ్డున పుట్టిందని నా అభిప్రాయం. విశాఖవాణ్ణి అయ్యుండి ఇలా అంటున్నందుకు మా ఊరివాళ్లు తిట్టుకున్నా ఫర్వాలేదు.

తర్వాత ఈ పోటీ కళ తగ్గింది. 1977లో క్లబ్బుల కోసం ఫెడరేషన్ కప్పు వచ్చింది, 1996లో జాతీయ లీగ్, 2014లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్). పేరున్న ఆటగాళ్లు క్లబ్బులకే పరిమితమయ్యారు. 2023లో సెమీస్, ఫైనల్ తీసుకెళ్లి సౌదీలోని రియాద్‌లో ఆడించారు, కర్ణాటక గెలిచింది. అంత దూరం ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

2024 డిసెంబరు 31న ఫైనల్ గచ్చిబౌలిలో అని తెలిసి, చెల్లెలి ఇంటికి వెళ్లిన వంకతో చూసొచ్చాను. స్టాండ్‌లో నా చుట్టూ అంతా మలయాళీలే. ఇంజురీ టైమ్‌లో బెంగాల్ ఆటగాడు రాబి హన్స్‌దా గోల్ కొట్టగానే ఒక్కసారిగా నోళ్లు పడిపోయాయి. బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది, అది వాళ్లకు 33వ కప్పు. బయటికొచ్చి మావయ్యకు ఫోన్ చేస్తే ఆయన అడిగింది ఒక్కటే: "మనోళ్లు ఆడారేట్రా?" లేదు మావయ్యా అన్నాను. ఆఖరి 12 జట్లలో ఆతిథ్యమిచ్చిన తెలంగాణ ఉంది గానీ, ఆంధ్ర అక్కడిదాకా రాలేదు.