తమ్ముడి జ్ఞాపకాలు ఎక్కడికీ పోవు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. సూర్యాపేట దగ్గర పల్లెలో అత్తగారిల్లు. ఏడాదిన్నర కిందట సంక్రాంతికి నన్ను పుట్టింటికి తీసుకెళ్లడానికి తమ్ముడు బండి మీద వచ్చాడు. హైవే ఎక్కిన కాసేపటికే లారీ గుద్దింది. నేను బతికాను, వాడు పోయాడు. ఇప్పటికీ లారీ బ్రేకు చప్పుడు వింటే ఒళ్లంతా చెమటలు. రాత్రిళ్లు ఆ రోడ్డే కళ్లముందుకొస్తుంది. వాడి ఫొటో చూడలేక బీరువాలో పెట్టేశాను. ‘నువ్వు పిలవకపోతే వాడు బతికేవాడు’ అని అమ్మ ఒకసారి అంది. ఈయన మనసు గట్టి చేసుకోమంటారు. అత్తమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. బెంగళూరులో ఉండే చెల్లెలు ‘కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేసే ఈఎండీఆర్ చేయించుకో అక్కా’ అంటోంది. అది హిప్నటిజమా? దాంతో తమ్ముడి జ్ఞాపకాలు కూడా పోతే?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకే చెబుతానమ్మా. పోవు. ఈ చికిత్స దేన్నీ చెరిపేయదు. అసలు ఇప్పుడు జరుగుతున్నదేమిటో చూడండి. తమ్ముడు అనగానే మీకు వాడి అల్లరి గుర్తురావడం లేదు, ఆ రోడ్డే వస్తోంది. పాతికేళ్ల పైబడిన అనుబంధానికి ఆ ఒక్క నిమిషం అడ్డంగా నిలబడింది. దాన్ని కాస్త పక్కకు జరపడమే ఇక్కడ పని.

హిప్నటిజం కాదు. మీరు పూర్తి మెలకువలో ఉంటారు. వద్దనిపిస్తే చెయ్యెత్తి ఆపేయవచ్చు. మొదటి రోజే ప్రమాదం జోలికి వెళ్లరు. మీ సంగతులన్నీ తెలుసుకుని, గుండెదడ వచ్చినప్పుడు మిమ్మల్ని మీరు నిలదొక్కుకోవడం నేర్పిస్తారు. ఆ తర్వాతే, అన్నిటికన్నా బాధపెట్టే ఒక్క దృశ్యాన్ని మనసులోకి తెచ్చుకోమంటారు. బాధ సున్నా నుంచి 10లో ఎంతుందో, ఒంట్లో ఎక్కడ బిగుసుకుంటోందో అడుగుతారు. అప్పుడు మీ ముందు వేళ్లను ఎడమకూ కుడికీ కదిలిస్తారు. తల తిప్పకుండా చూపుతోనే వాటిని వెంబడించాలి. అర నిమిషం అటూ ఇటుగా. ఆపి, ‘ఇప్పుడేం వచ్చింది?’ అంటారు. వచ్చింది ఒక్క ముక్కలో చెబితే చాలు, ప్రమాదాన్నంతా పూసగుచ్చినట్టు చెప్పక్కర్లేదు. మళ్లీ వేళ్లు, మళ్లీ ఆపడం. కొందరు వేళ్లకు బదులు రెండు చేతుల మీదా మార్చి మార్చి తడతారు.

కళ్లు తిప్పితే బాధ తగ్గడమేమిటని మీ ఆయన నవ్వితే తప్పు పట్టకండి, మొదట్లో నేనూ నవ్వాను. 1987లో అమెరికాలో ఫ్రాన్సిన్ షపీరో అనే ఆవిడ పార్కులో నడుస్తుండగా, కళ్లు అటూ ఇటూ కదులుతున్నప్పుడు తన మనసులోని చేదు ఆలోచనల పదును తగ్గడం గమనించింది. 1989లో తొలి అధ్యయనం ప్రచురించింది. ఇది ఎలా పనిచేస్తుందన్న దానిపై నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఒకేసారి రెండు పనులు పెడితే మనసు ఆ దృశ్యాన్ని అంత గాఢంగా పట్టుకోలేదని కొందరంటారు. కళ్లతో పనే లేదు, ఆ జ్ఞాపకాన్ని భయపడకుండా ఎదుర్కోవడమే మందు అని ఇంకొందరి మాట. ఫలితం మాత్రం ఉంది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి మనసు గాయాలకు సిఫారసు చేసిన చికిత్సల్లో ఇదొకటి. ఒకే సంఘటన అయితే సాధారణంగా 8 నుంచి 12 సార్లు కూర్చోవాల్సి వస్తుంది.

మీ విషయంలో దృశ్యం కన్నా లోతుగా దిగిన ముల్లు ఇంకోటుంది: ‘నేను పిలవబట్టే’. పండక్కి ఆడపిల్లను తీసుకురావడానికి తమ్ముడు రావడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే. పిలిచింది మీరు, గుద్దింది లారీ. ఇది నేను చెబితే మీ బుర్రకు ఎక్కుతుంది గానీ గుండెకు ఎక్కదు. ఈ చికిత్సలో ఆ నమ్మకాన్ని కూడా దృశ్యంతో పాటే పట్టుకుని పనిచేస్తారు. మీకు ఇది నప్పుతుందని నేననుకోవడానికి అదే కారణం. అమ్మతో ఇప్పుడు వాదనకు దిగకండి. కొడుకును పోగొట్టుకున్న మనిషి నోట ఆ మాట ఒక్కసారే వచ్చిందంటే, మింగేసినవి ఎన్నో ఉంటాయి.

తాయెత్తు ఉంటే ఉండనివ్వండి, అత్తమ్మ ప్రేమ అది. గాలి వదిలిస్తామని వేలు గుంజేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ‘మనసు గట్టి చేసుకో’ అనే మీ ఆయనకు ఒకటే పని చెప్పండి: మొదటి నాలుగైదు సార్లు వెంట రమ్మనండి, బస్సులోనే. కూర్చుని వచ్చాక ఒకటి రెండు రోజులు కలలు ఎక్కువ కావచ్చు, ఏడుపు రావచ్చు. ఆ రోజు ఒంటరిగా తిరుగు ప్రయాణం వద్దు.

ఎవరి దగ్గరికి? ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చికిత్స చేసేవారు క్లినికల్ సైకాలజిస్టా, ఈఎండీఆర్‌లో విడిగా శిక్షణ తీసుకున్నారా అని మొహమాటపడకుండా అడగండి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని ఇంట్లో మీరే చేసుకోవద్దు, దృశ్యం తెరుచుకున్నాక మూయడానికి పక్కన మనిషి కావాలి. మూర్ఛలు, కంటి జబ్బు ఉంటే ముందే చెప్పండి. ఈఎండీఆర్ చేసేవాళ్లు దొరక్కపోతే దిగులొద్దు. ఇలాంటి గాయాల కోసమే చేసే సీబీటీ అనే మాటల చికిత్సనూ ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. ఈలోగా చచ్చిపోవాలనిపించే క్షణం వస్తే ఆగకండి, అర్ధరాత్రయినా అదే నంబరుకు చేయండి, ఇంట్లోవాళ్లను లేపండి.

ఆ ఫొటోను ఇప్పుడే బలవంతాన బయటికి తీయకండి. బీరువాలో ఉందని కౌన్సెలర్‌కు చెప్పండి. ఎప్పుడు తీయాలో ఇద్దరూ కలిసి చూసుకోవచ్చు.