జరగని యుద్ధాన్ని రాస్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన రాతప్రతిని రెండుసార్లు చదివాను. 1940 జూలైలో ఫ్రెంచి నౌకాదళం బ్రిటన్ పక్షాన చేరి ఉంటే యుద్ధం ఏ మలుపు తిరిగేదన్నది నువ్వు ఎత్తుకున్న ప్రశ్న. మంచి ప్రశ్న. అత్తకు మీసాలొస్తే మామ అనొచ్చునంటూ ఇలాంటి రాతలను కొట్టిపారేసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. వాళ్ల మాట పట్టించుకోకు. ఆనాడు నిర్ణయాలు తీసుకున్నవాళ్లకు రేపు ఏమవుతుందో తెలియదు కనుక, వాళ్ల కళ్లముందున్న దారులన్నిటినీ చూడకపోతే వాళ్లు నడిచిన దారి కూడా మనకు అర్థం కాదు.

అయితే నీ రాతప్రతిలో ఆ నౌకాదళం చేరడమన్నది ఒకటిన్నర పేజీలో ముగిసిపోయింది. ఆ తర్వాతి నలభై పేజీల్లో ఇటలీ లొంగిపోయింది, అమెరికా ఏడాది ముందే యుద్ధంలోకి దిగింది, 1942 కల్లా బెర్లిన్ పడిపోయింది. నా అభ్యంతరం ఆ నలభై పేజీల మీద కాదు, ఈ ఒకటిన్నర పేజీ మీద. నీ కథంతా ఇక్కడే ఉంది, నువ్వు దాన్ని దాటుకుని వెళ్లిపోయావు.

జూలై 3 ఉదయాన్ని ఒకసారి దగ్గరగా చూడు. అప్పటికే ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది, దాని నౌకలు జర్మనీ చేతికి చిక్కుతాయని బ్రిటన్ భయం. అల్జీరియాలో ఓరాన్ పక్కనున్న మెర్స్-ఎల్-కెబీర్ రేవు బయట బ్రిటిష్ అడ్మిరల్ సోమర్విల్ నౌకలు వచ్చి నిలిచాయి. ఫ్రెంచి భాష బాగా వచ్చిన, అంతకుముందు పారిస్‌లో నౌకాదళ ప్రతినిధిగా పనిచేసిన కెప్టెన్ హాలండ్‌ను మాట్లాడిరమ్మని పంపారు. లోపలున్న ఫ్రెంచి అడ్మిరల్ జాన్సూల్ ఆయనను కలవనన్నాడు, తన కింది అధికారిని పంపాడు. ఫ్రెంచివారి ముందు పెట్టినవి మూడు దారులు: మాతో కలిసి పోరాడండి, లేదా కొద్దిమంది సిబ్బందితో బ్రిటిష్ రేవుకు రండి, లేదా కరీబియన్ సముద్రంలోని మీ దీవులకు వెళ్లి అక్కడ ఆయుధాలు విడిచిపెట్టండి. ఏదీ కాదంటే ఆరు గంటల్లోగా మీ నౌకలను మీరే ముంచుకోవాలి, లేకపోతే బలప్రయోగం తప్పదు. జాన్సూల్ తన పైవారికి పంపిన వర్తమానంలో చివరి మాటే ఉంది, కరీబియన్ దారి ఊసే లేదు. పగలంతా పడవలు అటూ ఇటూ తిరిగాయి. హాలండ్‌ను జాన్సూల్ తన నౌక మీదికి రానిచ్చేసరికి సాయంత్రం నాలుగు దాటింది. ఈలోగా ఫ్రెంచి నౌకలు మరికొన్ని సాయానికి వస్తున్నాయన్న కబురు లండన్‌కు అంది, త్వరగా తేల్చమని సోమర్విల్‌కు ఆదేశం వచ్చింది. ఆరు కావస్తుండగా కాల్పులు మొదలయ్యాయి. మొత్తం 1,297 మంది ఫ్రెంచివారు చనిపోయారు. పది రోజుల కిందటి దాకా వాళ్లు బ్రిటన్‌కు మిత్రులే.

నీ ప్రశ్న ఎక్కడ పుట్టాలో ఇప్పుడు చూడు. ఆ వర్తమానంలో మూడు దారులూ పూర్తిగా ఉండి ఉంటే? జాన్సూల్ ఉదయమే హాలండ్‌ను కూర్చోబెట్టి మాట్లాడి ఉంటే? ఇవి ఆ రోజు ఆ రేవులో నిజంగా జరగడానికి వీలున్నవి. అంతకన్నా మేలైన సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజుల్లోనే ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో బ్రిటిష్ అడ్మిరల్ కన్నింగ్‌హామ్, ఫ్రెంచి అడ్మిరల్ గోద్‌ఫ్రువా ఇదే చిక్కును మాటలతో విప్పుకున్నారు, ఒక్క గుండు పేలకుండా ఫ్రెంచి నౌకలు ఆయుధాలు విడిచాయి. అంటే నువ్వు ఊహిస్తున్న దారిలో సగం చరిత్రలోనే జరిగి ఉంది. కానీ అక్కడి ఫ్రెంచి నౌకలు బ్రిటిష్ వారి రేవులో ఉన్నాయి, ఆ ఇద్దరికీ అప్పటికే పరిచయముంది. ఓరాన్‌లో ఆ రెండూ లేవు. ఈ తేడాను నీ కథ మోయాలి.

నన్ను ఎక్కువగా బాధించినది మరొకటి. నీ ఫ్రెంచివాళ్లకు సొంత మనసు లేదు, బ్రిటన్ పిలవగానే వచ్చేస్తారు. జూన్ 16న రెండు దేశాలూ ఒక్కటవుదామని లండన్ అడిగినప్పుడు, అది తమను బ్రిటిష్ అధినివేశంగా మార్చే ఎత్తుగడ అని ఫ్రెంచి మంత్రుల్లో కొందరు అనుమానించారు, ఆ రాత్రే ప్రధాని రెనో ప్రభుత్వం పోయింది. నౌకలను జర్మనీ చేతికి చిక్కనివ్వనని ఫ్రెంచి నౌకాదళాధిపతి దార్లాన్ ఇచ్చిన మాటను చర్చిల్ నమ్మలేకపోయాడు. 1942 నవంబరు 27న జర్మన్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని తులోన్ రేవుకు వచ్చినప్పుడు ఫ్రెంచి నావికులు తమ నౌకలను తామే ముంచేసి ఆ మాట నిలబెట్టారు. తమ మీద ఫిరంగులు గురిపెట్టి నిలిచినవారితో జత కట్టడానికి వాళ్లకు ఏ కారణం కావాలో, ఏ అవమానం మింగాలో రాయి. మిత్రదేశాన్ని నడిపేది దాని సొంత భయం, సొంత లెక్క. నువ్వు ఒక్క వర్తమానాన్ని మార్చు, ఆ తర్వాత వాళ్లను వాళ్ల ఇష్టానికి వదిలేయి. నీకు ఇష్టం లేని వైపు వెళ్లినా వెళ్లనీ.

ఆ సోమర్విల్‌ను మనవాళ్లు కూడా కొంత ఎరుగుదురు, పేరు తెలియకపోయినా. 1942 వసంతంలో హిందూ మహాసముద్రపు బ్రిటిష్ నౌకాదళం ఆయన చేతిలోనే ఉంది. జపాన్ దాడి ఏప్రిల్ 1 ప్రాంతంలో వస్తుందన్న సమాచారంతో సింహళం దక్షిణాన కాపు కాశాడు, ఎవరూ రాలేదు. పాత యుద్ధనౌకల్లో మంచినీళ్లు అయిపోవస్తున్నాయి, ఇంధనమూ కావాలి. మాల్దీవుల్లోని అడ్డు అనే దీవికి వెళ్లాడు. 5న కొలంబో మీద బాంబులు పడ్డాయి, మరునాడు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా. ఆ రోజు కాకినాడ విడిచి, బిడ్డలను ఎడ్లబండి ఎక్కించుకుని పెద్దాపురం వైపు వెళ్లినవాళ్లలో మా అమ్మమ్మ ఉంది. బండిలో చోటు లేక తిరగలి వదిలేసి వచ్చామని చివరిదాకా చెప్పుకునేది.

చిన్నప్పుడు నేను, ఆ నౌకలు అక్కడే ఉండి ఉంటే మా ఊళ్లు బతికిపోయేవి కదా అనుకునేవాణ్ణి. పెద్దయ్యాక లెక్కలు చదివితే తెలిసింది, జపాన్ అడ్మిరల్ నగుమో దగ్గర అయిదు పెద్ద విమానవాహక నౌకలున్నాయి. సోమర్విల్ ఎదురుపడి ఉంటే మునిగేది ఆయన దళమే కావచ్చు, ఆ తర్వాత మన తీరానికి అడ్డు ఉండేది కాదు. నాకు ఆ జవాబు నచ్చలేదు, కానీ దాన్ని మార్చలేను.

ఆ నలభై పేజీలను పక్కన పెట్టు. తెల్లవారుజామున రేవు బయట డిస్ట్రాయర్ మీద నిలబడి, లోపలికి రానివ్వమని కబురు పంపుతున్న హాలండ్ దగ్గర మొదలుపెట్టి, సాయంత్రం దాకా మాత్రమే రాసి పంపు. ఎంత పొడవైనా చదువుతాను.

శుభాకాంక్షలతో,
నీ అన్నయ్య