వంకర ఇంటిని మళ్లీ వంకరగానే కట్టగలరా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ప్రాంతంలో ‘క్రూకెడ్ హౌస్’ అనే పాత పబ్బు కాలిపోయిందనీ, దానిని పూర్వపు రూపంలోనే తిరిగి కట్టాలని ఆదేశించారనీ చెప్పాడు. కొత్త ఇటుకలతో కట్టేస్తే సరిపోదా? వంకర ఇంటిని మళ్లీ వంకరగా కట్టడం సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. స్టాఫర్డ్‌షైర్‌లోని హిమ్లీ దగ్గర 1765లో రైతు ఇల్లుగా కట్టిన ఆ భవనం, తరువాతి కాలంలో బొగ్గు తవ్వకాల వల్ల నేల కుంగి, ఒక కొస రెండో కొస కంటే దాదాపు 4 అడుగులు కిందికి దిగిపోయింది. లోపల బల్ల మీద గోళీ పెడితే అది ఎత్తుకు దొర్లుతున్నట్టు కనిపించేది. నిజానికి అది పల్లానికే వెళ్లేది గానీ, చుట్టూ గోడలు, గుమ్మాలు అన్నీ ఒరిగి ఉండటం వల్ల ఏది సమంగా ఉందో కన్ను పోల్చుకోలేకపోయేది. ఆ వింత చూడటానికే జనం వచ్చేవారు. కాబట్టి నిటారుగా కడితే అది మరో భవనమే అవుతుంది. పునాదిని గట్టి నేల మీద సమంగా వేసి, గోడలను మాత్రం కొలత ప్రకారం వాల్చి, ఆ బరువును ఆనుగోడలు, ఉక్కు దూలాలు మోసేలా కట్టడం ఇంజనీర్లకు అసాధ్యం కాదు. పాత భవనం కూడా అటువంటి ఊతం మీదే నిలబడింది.

ఇక ఇటుకల సంగతి. 2023 ఆగస్టు 5 రాత్రి మంటలు లేచాయి. 7వ తేదీన యంత్రంతో గోడలన్నీ కూల్చేశారు. పై అంతస్తులో కొంత భాగం తొలగించడానికే తాము ఒప్పుకున్నామని అక్కడి స్థానిక పాలక సంస్థ అయిన సౌత్ స్టాఫర్డ్‌షైర్ కౌన్సిల్ తెలిపింది. నన్ను ఎక్కువగా బాధించేది ఆ కూల్చివేతే. ఇటుక ఒకసారి బట్టీలో కాలినదే కనుక ఇంటి మంటను చాలావరకు తట్టుకుంటుంది. లావుపాటి దూలం పైన బొగ్గయినా, ఆ బొగ్గుపొరే లోపలి చేవను కాపాడుతుంది; ఉలితో పైపొర గీకి చూస్తే గట్టి కర్ర బయటపడటం మామూలే. మన పాత మండువా ఇళ్లలోలాగా సున్నంతో కట్టిన గోడ అయితే, ఇటుకను విరగకుండా విడదీసి శుభ్రం చేసుకోవచ్చు. సిమెంటు అలా వదలదు. అందుకే కాలిన పాత కట్టడానికి మొదట చేయవలసింది గోడలు పడిపోకుండా ఊతాలు పెట్టడం, తాత్కాలిక కప్పు వేయడం, శిథిలాలను జల్లించి పనికొచ్చేవి దాచడం, అగ్నిమాపక దళం పోసిన నీరు గోడల్లోంచి నెమ్మదిగా ఆరేదాకా ఆగడం. ఆ ఓపిక ఇక్కడ కరువైంది.

2024 ఫిబ్రవరిలో కౌన్సిల్, మూడేళ్లలో పూర్వపు రూపంలో తిరిగి కట్టాలని నోటీసు ఇచ్చింది. యజమానులు దానిపై అప్పీలు చేశారు. ఇటువంటి ఆదేశం కాగితానికే పరిమితం కాదనడానికి లండన్‌లోని కార్ల్‌టన్ టావెర్న్ అనే పబ్బు సాక్ష్యం. అది కాలలేదు గానీ, 2015లో అనుమతి లేకుండా కూల్చేశారు. వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిల్ పట్టుబట్టి కట్టించగా 2021లో మళ్లీ తెరుచుకుంది. కూల్చివేతకు ముందే చారిత్రక కట్టడాల పరిరక్షణ చూసే హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ దాని వివరాలను నమోదు చేసి ఉండటం అక్కడ ఎంతో కలిసివచ్చింది.

మీ అబ్బాయి ఎప్పుడైనా క్రూకెడ్ హౌస్ లోపల ఫొటోలు తీసి ఉంటే, అవి ఎంత మామూలువైనా తుడిచెయ్యవద్దని చెప్పండి. మనుషుల వెనుక కనిపించే గుమ్మం వాలు, ఇటుకల వరుస, కిటికీ ఎత్తు రేపు కొలతలు తీసేవారికి పనికొస్తాయి. వాటిని ఆ కౌన్సిల్‌కు పంపమనండి.