సఫారీ గైడు పనిలో ప్రాణభయం ఎంత?

ప్రశ్న: జంతుశాస్త్రం చదివిన మా అబ్బాయి ఆఫ్రికాలో సఫారీ గైడుగా చేరతానంటున్నాడు. ఆ పని ప్రమాదకరమా? – ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, ప్రమాదం ఉన్నమాట నిజమే, అయితే అది మీరనుకునే సింహం ఒక్కదానితోనే కాదు, ఏనుగు, అడవిదున్న, నీటిగుర్రాలతో కూడా. జాంబియాలోని దక్షిణ లువాంగ్వా జాతీయ పార్కులో పర్యాటకులను కాలినడకన తిప్పే గైడు, తుపాకీ పట్టిన స్కౌటును (పార్కు రక్షకుణ్ని) వెంటబెట్టుకుని, చిటికెడు బూడిద రాల్చి గాలివాటం చూసుకుంటూ నడుస్తాడు. పొదలోంచి, దున్నల ఒంటిమీద వాలి పురుగులు ఏరుకు తినే ఆక్స్‌పెకర్ పిట్టలు ఒక్కసారిగా అరుస్తూ లేస్తే, అక్కడ దున్న ఉండవచ్చని గ్రహించి అందరినీ నిలిపివేస్తాడు. చెవులు విప్పార్చి వచ్చే ఏనుగు చాలాసార్లు బెదిరించడానికే వస్తుంది గాని, చెవులు వెనక్కి నొక్కి, తొండం ముడిచి వస్తే అది నిజమైన దాడి కావచ్చు. ఇక అద్భుతమంటారా, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడి లువాంగ్వా నది గట్లకు బొరియలు తొలిచి గూళ్లు పెట్టే కెంపురంగు బీ-ఈటర్ పిట్టల గుంపులను చూసినవారు మరచిపోలేరు. అనుభవజ్ఞుడైన గైడు దగ్గర శిక్షణ పొంది, లైసెన్సు పరీక్ష నెగ్గిన తరువాతే పర్యాటకుల బాధ్యత తీసుకుంటానని మాట తీసుకుని, మీవాణ్ని పంపండి.